చక్కెర డబ్బా స్థానంలో ఏ డబ్బా? స్టీవియా, తేనె, ఎరిత్రిటాల్, మరికొన్ని

చక్కెర మానాలనుకున్నవారు మొదట చేసే పని ‘సహజం’ అని రాసి ఉన్న డబ్బా ఒకటి కొని తెచ్చుకోవడం. నేనూ అదే చేశాను. డబ్బా మీద లేత ఆకు బొమ్మ, దాని కింద పెద్ద అక్షరాల్లో స్టీవియా అన్న పేరు, ఆకుల్లో తీపి ఉండే ఒక మొక్కది. వారం రోజులు వాడాక ఒకనాడు ఊరికే డబ్బా తిప్పి చూశాను. దినుసుల వరుసలో మొదటి పేరు ఎరిత్రిటాల్, చక్కెర పలుకుల్లా కనిపించే మరో తీపి పదార్థం. స్టీవియా సారం చిట్టచివర ఉంది. దినుసులను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాస్తారు కాబట్టి, వారం రోజులుగా నేను తింటున్నది ఎరిత్రిటాల్. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అనేంత అన్యాయం కాకపోయినా, వ్యవహారం ఆ దారిలోనే ఉంది.

అయితే తయారు చేసినవారిని పూర్తిగా తప్పు పట్టలేం. లెక్క వేసి చూడండి. శుద్ధి చేసిన స్టీవియా సారం చక్కెర కన్నా 200 నుంచి 300 రెట్లు తియ్యగా ఉంటుంది. కప్పు కాఫీలో రెండు చెంచాల చక్కెర వేసుకుంటారనుకుందాం, అంటే దాదాపు 8 గ్రాములు. అంత తీపి రావడానికి కావలసిన స్టీవియా సారం సుమారు 32 మిల్లీగ్రాములు. వేలి కొనకు అంటుకుంటే దులుపుకొని పోయేంత పొడి. దాన్ని ఇంట్లో చెంచాతో ఎవరు కొలవగలరు? అందుకే పొట్లంలో కంటికి కనిపించేంత పరిమాణం రావడానికి ఇంకేదో కలుపుతారు. అది ఎరిత్రిటాల్ కావచ్చు, గ్లూకోజుకే మరో పేరైన డెక్స్‌ట్రోజ్ కావచ్చు, పిండి పదార్థం నుంచి తీసే మాల్టోడెక్స్‌ట్రిన్ కావచ్చు. చక్కెరకు బదులు చెంచాకు చెంచా వేసుకోమని చెప్పే ఏ స్టీవియా పొడి అయినా దాదాపు మొత్తం మరో పదార్థమే.

ఈ ఒక్క సంగతి తెలిశాక, ఏ తీపి సహజం, ఏది కృత్రిమం అన్న చర్చ మీద నాకు ఆసక్తి పోయింది. సహజం అన్న మాట చక్కెరకు కూడా వర్తిస్తుంది, అది చెరకులోంచి వచ్చిందే కదా. అడగవలసింది వేరే ప్రశ్న: చక్కెర మీకు ఏ విషయంలో చేటు చేస్తోంది? ఏ పనికి మీరు దాన్ని వాడుతున్నారు? ఈ రెండింటికీ జవాబు దొరికితే డబ్బా దానంతట అదే తేలుతుంది.

చక్కెరతో మీ పేచీ ఏమిటి

కొందరికి మధుమేహం ఉంటుంది, లేదా దాని అంచున ఉంటారు. వారికి ముఖ్యం రక్తంలో గ్లూకోజు ఎంత పెరుగుతుంది, ఎంత వేగంగా పెరుగుతుంది అన్నది. కొందరు బరువు తగ్గాలనుకుంటారు, వారికి కేలరీల లెక్క కావాలి. పళ్లు పుచ్చిపోతున్నవారికి నోటిలోని బ్యాక్టీరియా ఆ తీపిని తిని ఆమ్లం చేస్తుందా లేదా అన్నదే ప్రధానం. ఇంకొందరికి ఏ జబ్బూ లేదు, రోజుకు ఆరేడుసార్లు తీపి అడిగే నాలుకను దారికి తెచ్చుకోవాలన్నదే కోరిక. ఈ నలుగురికీ ఒకే డబ్బా సరిపోదు. నాలుగో రకం వారికైతే అసలు ఏ డబ్బా పనికి రాకపోవచ్చు కూడా.

కొలబద్ద ఒకటి చెప్పుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం ‘స్వేచ్ఛా చక్కెరలు’ రోజు మొత్తం శక్తిలో 10 శాతం దాటకూడదు. 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలు. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి 10 శాతం అంటే 50 గ్రాములు, 5 శాతం అంటే 25. ఈ స్వేచ్ఛా చక్కెరలలో వంటలో కలిపే చక్కెర ఒక్కటే కాదు, తేనె, సిరప్‌లు, పండ్ల రసాలలో ఉండే చక్కెరా వస్తుంది. పండును పండుగా తింటే మాత్రం ఈ లెక్కలోకి రాదు.

తేనె, బెల్లం, సిరప్‌లు: మారువేషంలో చక్కెరే

చక్కెర మానేసి తేనె వాడుతున్నామని తృప్తిగా చెప్పేవారిని చూస్తే నాకు జాలి, కొంచెం నవ్వు కలిసి వస్తాయి. తేనెలో సుమారు 38 శాతం ఫ్రక్టోజు (పండ్లలో ఉండే చక్కెర), 31 శాతం గ్లూకోజు, 17 శాతం నీరు. మిగిలిన కొద్దిపాటి భాగంలోనే ఆ రంగు, వాసన, రుచి. వంద గ్రాములకు చక్కెర 387 కేలరీలిస్తే తేనె 304 ఇస్తుంది. ఇక్కడితో ఆపితే తేనె గెలిచినట్టే. కానీ మనం తూకం వేసి తినం, చెంచాతో తింటాం. తేనె చిక్కన, బరువు. పెద్ద చెంచా తేనె 21 గ్రాములు తూగుతుంది, దానిలో 64 కేలరీలు. అదే చెంచాడు చక్కెర 12 గ్రాముల పైచిలుకు, 49 కేలరీలు. తేనె నాలుకకు కాస్త ఎక్కువ తియ్యగా తగులుతుంది కాబట్టి తక్కువతో సరిపెట్టుకునేవారికి కొంత లాభం ఉంటుంది. అలా సరిపెట్టుకునేవారు ఎందరన్నది మీరే చెప్పాలి.

ఏడాది నిండని పసిపిల్లలకు తేనె చుక్క కూడా నాకించకూడదు. దానిలో ఉండగల ఒక రకం బ్యాక్టీరియా బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి బాట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు తేగలవు. ఇక్కడ ఒక్కసారికి ఏమవుతుందిలే అన్న మాట చెల్లదు.

బెల్లం, కొబ్బరి చక్కెర, మేపుల్ సిరప్ కూడా ఇంతే. బెల్లంలో సుక్రోజు, అంటే మామూలు చక్కెరే, ఎక్కువ పాలు, కొబ్బరి చక్కెరలో నూటికి 70 నుంచి 80 పాళ్లు. శుద్ధి చేయకపోవడం వల్ల మిగిలిన ఖనిజాలు ఉన్నమాట నిజమే. కానీ వాటి కోసం రోజుకు తినవలసిన మోతాదు చూస్తే, ఆ ఖనిజాల కన్నా ముందు చక్కెరే లోపలికి చేరుతుంది. కిత్తలి జాతి మొక్క నుంచి తీసే అగేవ్ సిరప్ కథ మరీ చిత్రం. రక్తంలో గ్లూకోజును అది ఎక్కువగా పెంచదు, నిజమే. ఎందుకంటే దానిలో గ్లూకోజు తక్కువ, ఫ్రక్టోజు అత్యధికం. ఆ ఫ్రక్టోజు ప్రధానంగా కాలేయానికి చేరుతుంది, మోతాదు మించితే అక్కడ కొవ్వుగా మారుతుంది. గ్లూకోమీటరు మీద అంకె చూసి సంబరపడేవారికి ఈ సంగతి కనిపించదు.

రుచి కోసమైతే తేనె తినండి, బెల్లం తినండి, నాకేమీ అభ్యంతరం లేదు. వాటి వాసన చక్కెరకు రాదు. ఆరోగ్యం కోసమని మాత్రం వద్దు. పంటి వైద్యుడిని అడిగితే, ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి అంటారు.

స్టీవియా: నాలుక మీద, ఒంటిలో

దక్షిణ అమెరికాలోని పరాగ్వే, బ్రెజిల్ సరిహద్దు ప్రాంతపు మొక్క ఇది. పొద్దుతిరుగుడు, చేమంతి కుటుంబానికి చెందింది. అక్కడి గ్వారనీ ప్రజలు తమ భాషలో దీన్ని తీపి మూలిక అనే అర్థం వచ్చే పేరుతో పిలుచుకుంటూ తరతరాలుగా వాడారు. స్విట్జర్లాండ్ నుంచి వెళ్లి పరాగ్వేలో స్థిరపడిన మోయిసెస్ బెర్తోని అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1899లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. 1931లో ఇద్దరు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు ఆకులోంచి తీపి పదార్థాన్ని వేరు చేశారు, అదే స్టీవియోసైడ్. 1970ల నుంచి జపాన్‌లో దీన్ని వ్యాపార స్థాయిలో వాడుతున్నారు. మన భాషలో మధుపత్రి అన్న పేరు కూడా దీనికి వాడుకలో ఉంది.

ఆకును నమిలి చూస్తే దీని గుణం, దోషం రెండూ ఒక్క నిమిషంలో తెలిసిపోతాయి. నా కిటికీ దగ్గర కుండీలో ఒక మొక్క పెరుగుతోంది. ఆకు తుంచి నోట్లో వేసుకుంటే మొదట ఏమీ ఉండదు, గడ్డి రుచి అంతే. నాలుగైదు క్షణాలకు తీపి మెల్లగా మొదలై ఒక్కసారిగా నోరంతా పరుచుకుంటుంది. చక్కెర తీపి చప్పున వచ్చి చప్పున పోతుంది, ఇది అలా కాదు, పోదు. నీళ్లు తాగినా గొంతులో ఉంటుంది. అది సన్నగిల్లే సమయానికి అడుగున సన్నని చేదు, కొంచెం అతిమధురపు వేరు నమిలినప్పటి ధోరణి. ఈ చేదు అందరికీ ఒకేలా తెలియదు. స్టీవియాలోని తీపి అణువులు నాలుక మీద తీపి గ్రాహకాలతో పాటు రెండు చేదు గ్రాహకాలను కూడా తాకుతాయని తేలింది. ఆ గ్రాహకాల చురుకుదనం మనిషికీ మనిషికీ మారుతుంది. అందుకే ఒకే కాఫీ తాగి ఒకరు బాగుందంటారు, పక్కవారు మొహం చిట్లిస్తారు. ఎవరి మాటా అబద్ధం కాదు.

అన్ని స్టీవియాలూ ఒకటి కావన్నది కూడా ఇక్కడే చెప్పాలి. ఆకులో తీపి అణువులు చాలా ఉన్నాయి. ఎండుటాకులో ఎక్కువగా ఉండే స్టీవియోసైడ్‌కు చేదు ఎక్కువ. రెబాడియోసైడ్ ఎ కాస్త మెరుగు. రెబాడియోసైడ్ డి, ఎం అనేవి చక్కెరకు మరింత దగ్గరి రుచి ఇస్తాయి కానీ ఆకులో అవి అతి స్వల్పం. అందుకని ఎంజైములతోనో, ఈస్టును పులియబెట్టో వాటిని తయారు చేస్తున్నారు. అంటే, రుచి మెరుగయ్యే కొద్దీ ఆకు నుంచి దూరం జరుగుతున్నాం. దీనిలో నాకు తప్పేమీ కనిపించదు. డబ్బా మీద ఆకు బొమ్మ చూసి ఎవరో కొండవాలున కోసి ఎండబెట్టి పంపారని ఊహించుకునేవారికి మాత్రం చెప్పడం నా ధర్మం.

ఒంటిలో దీని ప్రయాణం సూటిగా ఉంటుంది. పై పేగుల్లో ఇది జీర్ణం కాదు. పెద్దపేగు చేరాక అక్కడి బ్యాక్టీరియా దీనికి అంటుకున్న చక్కెర ముక్కలను కత్తిరించి స్టీవియాల్ అనే మూల పదార్థాన్ని మిగులుస్తుంది. అది రక్తంలోకి వెళ్లి, కాలేయంలో మరో రూపం పొంది, మూత్రంతో బయటకు పోతుంది. రక్తంలో గ్లూకోజు పెరగదు, లెక్కలోకి వచ్చే కేలరీలు ఉండవు, పళ్లను పుచ్చబెట్టే బ్యాక్టీరియాకు మేతా దొరకదు. మధుమేహం ఉన్నవారికి ఇది నిజమైన మేలు.

భయాల సంగతికి వస్తే, 1968లో ఆడ ఎలుకల మీద జరిగిన ఒక ప్రయోగం ఈ మొక్క కషాయం సంతానోత్పత్తిని తగ్గిస్తుందని చెప్పింది. తరవాతి పరిశోధనల్లో ఆ ఫలితం నిలబడలేదు, కానీ పుకారు మాత్రం ఇప్పటికీ తిరుగుతోంది. అమెరికాలో 1991లో దిగుమతుల మీద ఆంక్షలు పెట్టారు, 1995లో ఆహార పూరకంగా మాత్రం అనుమతించారు, 2008 చివర్లో శుద్ధి చేసిన రెబాడియోసైడ్ ఎ ను ఆహారంలో తీపికి వాడుకోవడానికి అభ్యంతరం లేదన్నారు. ఐరోపా సమాఖ్య 2011లో ఒప్పుకుంది. ఈ అనుమతులన్నీ శుద్ధి చేసిన సారానికే. పచ్చి ఆకుకు, ముతక కషాయానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఇదే హోదా ఇవ్వలేదు. చిత్రమేమిటంటే, ఆకు సహజం కదా, పొడి కన్నా మంచిదనుకునేవారే ఎక్కువ. పరీక్షలకు నిలిచింది మాత్రం పొడి. కుండీలోని ఆకును నేను ఎప్పుడో ఒకసారి సరదాకు నములుతాను, రోజువారీ వాడకానికి తుంచను.

ఎంత తినవచ్చు అన్నదానికీ లెక్క ఉంది. అంతర్జాతీయ నిపుణుల సంఘం నిర్ణయించిన రోజువారీ పరిమితి, స్టీవియాల్ రూపంలో చూస్తే, శరీర బరువులో కిలోకు 4 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 240. రెబాడియోసైడ్ ఎ లెక్కలోకి మారిస్తే సుమారు 720 మిల్లీగ్రాములు. తీపిలో అది 180 గ్రాముల చక్కెరకు సమానం, నలభై చెంచాల పైమాటే. కాఫీ, టీలతో ఆ గీత దాటడం పెద్దవారికి కష్టం. చిన్నపిల్లల బరువు తక్కువ కాబట్టి, తీపి పానీయాలు తెగ తాగే పిల్లలు ఉంటే మాత్రం ఒక కన్ను వేసి ఉంచాలి.

మరి బరువు తగ్గుతుందా? ఇక్కడ స్టీవియా అభిమానులకు నచ్చని మాట ఒకటి ఉంది. 2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, బరువును అదుపులో పెట్టుకోవడానికి చక్కెరేతర తీపి పదార్థాలను సాధనంగా వాడవద్దని సూచించింది. ఆ జాబితాలో స్టీవియా కూడా ఉంది. కొద్ది నెలల ప్రయోగాల్లో బరువు కాస్త తగ్గిన మాట నిజం, దీర్ఘకాలంలో ఆ లాభం కనిపించలేదన్నది వారి వాదన. దీన్ని చదివి డబ్బా పారేయనక్కరలేదు. ఇది షరతులతో కూడిన సూచన, పైగా ఇప్పటికే మధుమేహం ఉన్నవారికి వర్తించదని అందులోనే చెప్పారు. దీర్ఘకాల అధ్యయనాల్లో ఒక చిక్కు కూడా ఉంది: బరువు పెరిగినవారే ఇలాంటి తీపి వైపు మళ్లుతారు, అప్పుడు ఏది కారణమో ఏది ఫలితమో విడదీయడం కష్టం. అయినా ఆ సూచనలో ఒక నిజం ఉందని నా అనుభవం చెబుతుంది. కాఫీలో మిగిల్చిన 32 కేలరీలకు ప్రతిఫలంగా పక్కన రెండు బిస్కెట్లు పెట్టుకునే అలవాటు నాకు తెలియకుండానే వచ్చింది. తప్పు పొడిది కాదు, కానీ దాని సాయం లేకుండా ఆ తప్పు జరిగేదీ కాదు.

పేగులోని సూక్ష్మజీవుల గురించి ఒక మాట. 2022లో ఇజ్రాయెల్ పరిశోధకులు 120 మంది ఆరోగ్యవంతుల మీద రెండు వారాల పాటు నాలుగు తీపి పదార్థాలను పరీక్షించారు. కృత్రిమ తీపి పదార్థాలైన శాకరిన్, సుక్రలోజ్ తీసుకున్నవారిలో గ్లూకోజును తట్టుకునే శక్తి దెబ్బతింది. స్టీవియా, ఆస్పర్టేమ్ అనే మరో కృత్రిమ తీపి తీసుకున్నవారిలో అలా కాలేదు, అయితే పేగు సూక్ష్మజీవుల్లో మార్పు నాలుగింటితోనూ కనిపించింది. ఆ మార్పు మంచికో చెడుకో చెప్పడానికి రెండు వారాలు చాలవు.

ఎరిత్రిటాల్, జైలిటాల్: పేరులో ఆల్కహాలు, పనిలో చక్కెర

వీటిని చక్కెర ఆల్కహాళ్లు అంటారు. మత్తుతో సంబంధం లేదు, అణువు ఆకారాన్ని బట్టి రసాయన శాస్త్రం పెట్టిన పేరు. స్టీవియా చేయలేని ఒక పని ఇవి చేస్తాయి: గిన్నెలో చోటు నింపుతాయి. చూడటానికి చక్కెర పలుకులే.

ఎరిత్రిటాల్ చక్కెరలో 60 నుంచి 70 శాతం తీపి. గ్రాముకు 0.2 కేలరీలు మాత్రమే. గ్లూకోజును ఈస్టుతో పులియబెట్టి తయారు చేస్తారు. నాలుక మీద వేసుకుంటే పిప్పరమెంటు లాంటి చల్లదనం తెలుస్తుంది, కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కోవడం వల్ల. తిన్నదానిలో సుమారు 90 శాతం చిన్నపేగులోనే రక్తంలోకి చేరి, మార్పేమీ లేకుండా మూత్రంలో పోతుంది. అందుకే తక్కిన చక్కెర ఆల్కహాళ్లంతగా కడుపుబ్బరం చేయదు.

పదేళ్ల కిందట ఈ వ్యాసం రాసి ఉంటే ఎరిత్రిటాల్‌కే కిరీటం పెట్టేవాణ్ని. 2023లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువగా ఉన్నవారికి తరవాతి మూడేళ్లలో గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎక్కువగా కనిపించిందని దాని సారాంశం. దీనికి ఒక గట్టి ప్రతివాదన ఉంది: మన శరీరమే గ్లూకోజు నుంచి ఎరిత్రిటాల్‌ను తయారు చేసుకుంటుంది. జీవక్రియ దెబ్బతిన్నవారిలో అది ఎక్కువ తయారవుతుంది. కాబట్టి రక్తంలో కనిపించినది తిన్నదా, ఒంటిలో పుట్టినదా అన్నది ఆ అధ్యయనం విడదీయలేదు. సరే అనుకుని నేను కుదుటపడే లోపే 2024లో అదే బృందం మరో చిన్న ప్రయోగం చేసింది. ఆరోగ్యవంతులైన ఇరవై మందిలో సగం మందికి 30 గ్రాముల ఎరిత్రిటాల్, సగం మందికి 30 గ్రాముల గ్లూకోజు ఇచ్చారు. ఎరిత్రిటాల్ తాగినవారిలో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ల చురుకుదనం పెరిగింది, గ్లూకోజు తాగినవారిలో పెరగలేదు. ఇరవై మంది చాలా చిన్న సంఖ్య, గుండెపోటు వచ్చిందని ఎవరూ చూపలేదు. అయినా 30 గ్రాములు అసాధ్యమైన మోతాదేమీ కాదు.

ఎలాగంటే, 200 గ్రాముల చక్కెర వేసే కేకులో అంతే తీపి రావాలంటే ఎరిత్రిటాల్ 280 గ్రాముల పైన వేయాలి. ఆ కేకును ఎనిమిది ముక్కలు చేస్తే ముక్కకు 35 గ్రాములు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో నిర్ణయించిన రోజువారీ పరిమితి కిలో బరువుకు అర గ్రాము, అంటే 60 కిలోల మనిషికి 30 గ్రాములు. ఆ పరిమితి విరేచనాల భయంతో పెట్టినదే, గుండె గురించి కాదు. ఏమైనా ఒక్క ముక్కతో గీత దాటిపోయాం. కాఫీలో పడే గ్రాము, రెండు గ్రాముల గురించి నాకు బెంగ లేదు. గుండె జబ్బు ఉన్నవారు, రక్తం గడ్డకట్టే ముప్పు ఉన్నవారు మాత్రం ఎరిత్రిటాల్‌తో చేసిన మిఠాయిలకు, ఐస్‌క్రీములకు దూరంగా ఉండటం తెలివైన పని అనుకుంటాను.

జైలిటాల్ చక్కెరంత తీపి, గ్రాముకు 2.4 కేలరీలు. పళ్లకు మేలు చేసే తీపి అన్న పేరు దీనికి 1970లలో ఫిన్లాండ్‌లోని తుర్కు నగరంలో జరిగిన అధ్యయనాలతో వచ్చింది. పుచ్చు తెచ్చే బ్యాక్టీరియా దీన్ని తిని ఆమ్లం చేయలేదు. చూయింగ్ గమ్ రూపంలో దీనికి సాటి లేదు. మోతాదు పెరిగితే కడుపు ఉరుములా మోగుతుంది. గుండెకు సంబంధించి ఎరిత్రిటాల్ మీద లేచిన అనుమానమే 2024లో దీని మీదా లేచింది. ఇంట్లో కుక్క ఉంటే అసలు తేవద్దు. కుక్క ఒంటిలో ఇది ఇన్సులిన్‌ను ఒక్కసారిగా విడుదల చేయించి గ్లూకోజును పాతాళానికి దించుతుంది, కాలేయాన్ని కూడా చెడగొట్టగలదు. కిలో బరువుకు 0.1 గ్రాము చాలు. పది కిలోల కుక్కకు ఒక్క గ్రాము, అంటే మీ సంచిలోంచి జారిపడిన కొన్ని గమ్ బిళ్లలు.

మాంక్ ఫ్రూట్, అల్యులోజ్

దక్షిణ చైనాలోని గ్వాంగ్షీ ప్రాంతంలో పండే గుమ్మడి కుటుంబపు తీగకాయ మాంక్ ఫ్రూట్. చైనా భాషలో దాని పేరుకు అర్హతుల పండు అని అర్థం, బౌద్ధంలోని అర్హతులే. దీని తీపి మోగ్రోసైడ్లు అనే పదార్థాల వల్ల వస్తుంది, చక్కెర కన్నా 150 నుంచి 250 రెట్లు. స్టీవియా చేదు పడనివారు మొదట ప్రయత్నించవలసింది దీన్నే. చేదు తక్కువ, వెనక పండు వాసన కొంచెం. తాజా పండు త్వరగా పాడైపోతుంది, సారం తీయడం ఖర్చుతో కూడిన పని, కాబట్టి స్టీవియా కన్నా ఖరీదు. అమెరికాలో 2010 నుంచి వాడుతున్నారు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ మాత్రం 2019లో, దీని సారం సురక్షితమని తేల్చడానికి అందిన సమాచారం సరిపోదంది. హాని ఉందని కాదు, రుజువులు చాలవని. డబ్బా మోసం ఇక్కడా మామూలే, వెనక తిప్పి చదవండి.

అల్యులోజ్ అంజూర, ఎండుద్రాక్షల్లో అతి స్వల్పంగా ఉండే అరుదైన చక్కెర. 70 శాతం తీపి, గ్రాముకు 0.4 కేలరీలు. ఓవెన్‌లో పెడితే చక్కెరలాగే ఎర్రబడుతుంది, మిగిలిన వాటిలో ఏదీ ఇంత బాగా ఆ పని చేయదు. అమెరికాలో లేబుల్ మీద దీన్ని మొత్తం చక్కెరల లెక్కలో చేర్చనక్కరలేదని 2019లో చెప్పారు. చాలా దేశాల్లో ఇంకా దొరకదు, దొరికితే వంట చేసేవారికి ఇది పండగ.

సహజమైన తీపి ఏదైనా మంచిదే అనేవారికి అతిమధురాన్ని గుర్తు చేస్తాను. ఆ వేరులోని గ్లైసిరైజిన్ చక్కెర కన్నా 30 నుంచి 50 రెట్లు తీపి. పక్కా సహజం. ఎక్కువగా తింటే రక్తపోటును పెంచి, పొటాషియాన్ని పడగొట్టి, గుండె లయను తప్పించగలదు.

పొయ్యి దగ్గర

కప్పులో గెలిచిన స్టీవియా గిన్నెలో ఓడిపోతుంది. ఒకసారి నేను 200 గ్రాముల చక్కెర మానేసి ముప్పావు గ్రాము శుద్ధ స్టీవియాతో కేకు చేశాను. ఓవెన్ తలుపు తీస్తే పాలిపోయిన చదును బిళ్ల ఒకటి కనిపించింది. కోస్తే రబ్బరు. అంచు కొరికితే మొదట చప్పదనం, మింగాక ఆలస్యంగా తీపి, ఆపైన చేదు. తప్పు ఎక్కడుందో తరవాత తెలిసింది: 199 గ్రాముల పదార్థం గిన్నెలోంచి మాయమైంది. చక్కెర తీపి ఒక్కటే ఇవ్వదు. వెన్నతో కలిపి గిలక్కొట్టేటప్పుడు గాలిని పట్టి ఉంచేది అదే. తేమను ఆపి మెత్తదనం నిలిపేది, పైభాగాన్ని ఎర్రగా కాల్చేది, జామ్‌ను బూజు పట్టకుండా కాపాడేది, ఐస్‌క్రీము రాయిలా గడ్డకట్టకుండా చూసేది కూడా అదే. రొట్టెలో ఈస్టుకు మేత అదే, స్టీవియాను ఈస్టు ముట్టదు.

కాబట్టి వేడి, చల్లని పానీయాలు, పెరుగు, నిమ్మరసం లాంటి వాటికి స్టీవియా గానీ మాంక్ ఫ్రూట్ గానీ చాలు. పులుపు ఉన్నచోట స్టీవియా చేదు బాగా మరుగున పడుతుందని నేను గమనించాను. వేడికి ఇది చెడదు కాబట్టి మరిగే పాత్రలో వేసినా భయం లేదు. కేకుల్లో మాత్రం పూర్తిగా మార్చవద్దు. చక్కెరను మూడో వంతు తగ్గించి, ఆ లోటు తీపిని చిటికెడు స్టీవియాతో పూడిస్తే ఆకృతి పెద్దగా చెడదు, రుచిలో తేడా పట్టుకునేవారూ అరుదు. ఎరిత్రిటాల్ వేసిన పాకం చల్లారాక మళ్లీ పలుకులు కడుతుంది, నోట్లో ఇసుక నమిలినట్టుంటుంది. దాన్ని మెత్తగా పొడి చేసి వాడటం మేలు, పాకాలకు అసలు వద్దు.

ఎవరికి ఏది

మధుమేహం ఉండి కాఫీ, టీలో తీపి వదలలేనివారికి నేను మొదట చెప్పేది స్టీవియా, నచ్చకపోతే మాంక్ ఫ్రూట్. రెండూ ద్రవరూపంలో, చుక్కల సీసాలో దొరికితే మరీ మంచిది, నింపుడు పదార్థాల గొడవే ఉండదు. పొడి కొంటే దినుసుల్లో డెక్స్‌ట్రోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్ ఉన్నదాన్ని వెనక్కి పెట్టేయండి. రెండూ రక్తంలో గ్లూకోజును చక్కెర కన్నా వేగంగా పెంచగలవు. ఒక్క పొట్లంలో అది గ్రాములోపే, అమెరికా లాంటి చోట్ల వడ్డనకు 5 కేలరీల లోపుంటే సున్నా అని రాసుకోవచ్చు కూడా. రోజుకు పది పొట్లాలు వాడేవారికి ఆ సున్నాలు నలభై కేలరీల దాకా కూడుతాయి.

ఇన్సులిన్ గానీ, గ్లూకోజును బాగా దించే మాత్రలు గానీ వాడేవారు రెండు సంగతులు మరవకూడదు. తినే చక్కెర ఒక్కసారిగా తగ్గిస్తే మందు మోతాదు ఎక్కువైపోవచ్చు, ముందే వైద్యుడితో మాట్లాడాలి. రెండోది ఇంకా ముఖ్యం. గ్లూకోజు పడిపోయి చెమటలు పట్టి చేతులు వణుకుతున్నప్పుడు స్టీవియా కలిపిన పానీయం తాగితే నాలుక తియ్యబడుతుంది, రక్తానికి ఏమీ అందదు. అప్పుడు కావలసింది 15 గ్రాముల నిజమైన గ్లూకోజు లేదా చక్కెర. ఇల్లంతా చక్కెర లేకుండా చేసుకున్నవారు కూడా ఒక పొట్లం దగ్గర ఉంచుకోవాలి, ఇంట్లోవారికి ఎక్కడుందో చెప్పి ఉంచాలి.

పళ్ల కోసమైతే భోజనం తరవాత జైలిటాల్ గమ్, కుక్క లేని ఇంట్లో. వారానికోసారి కేకు చేసుకునేవారికి ఏ డబ్బా వద్దు, మామూలు చక్కెర కొంచెం తగ్గించి వాడుకుంటే సరిపోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు శుద్ధి చేసిన సారాన్ని పరిమితికి లోబడి వాడవచ్చు, ఆకు కషాయాల జోలికి పోకపోవడం మంచిది.

నాలుకను దారికి తెచ్చుకోవాలనుకునేవారికి మాత్రం నేను ఏ పొడినీ చెప్పను. రెండు చెంచాల కాఫీని వారం పాటు ఒకటిన్నర చెంచాతో, తరవాతి రెండు వారాలు ఒకటితో, ఆపైన అరతో తాగి చూడండి. నాకు ఇది ఆరు వారాలు పట్టింది. మూడో వారంలో చిరాకు వచ్చి స్టీవియా సీసా వైపు రెండుసార్లు చేయి చాచాను కూడా. ఆ సీసా ఇప్పుడూ అల్మరలోనే ఉంది, తీపి కాఫీ అడిగే అతిథుల కోసం. కప్పుకు రెండు చుక్కలు వేస్తాను. మూడో చుక్క పడితే వారు మొహమాటానికి తాగుతారు గానీ, రెండోసారి అడగరు.